మంజూరైన మెదళ్లు

మా ఆఫీసులో ముప్పై ఒక్కమందిమి పనిచేస్తున్నాం. అందులో మెదడు మంజూరైనవాళ్లు తొమ్మిది మంది. ఇది గిట్టనివాళ్లు పుట్టించిన మాట కాదు. జాబితా తయారుచేసింది నేనే, కింద పొట్టి సంతకమూ నాదే.

మాది జిల్లా హద్దు పత్రాల కార్యాలయం. గోదావరి లంకల్లో ఎవరి పొలం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే పాత కాగితాలన్నీ మా దగ్గరే ఉంటాయి. నది ఏటేటా ఒక గట్టు తిని ఇంకో గట్టు కక్కుతుంది కాబట్టి మా వరండాకి జనం కొదవ లేదు. నకలు కోసం వచ్చిన ప్రతివాళ్లూ వెళ్లేటప్పుడు మమ్మల్ని బద్ధకస్తులని తిట్టి వెళ్లడం ముప్పై ఏళ్లుగా ఆనవాయితీ. మేమూ ఆ తిట్లని జీతంలో భాగంగానే పుచ్చుకునేవాళ్లం.

ఆ మచ్చ చెరిపినవారు మా డైరెక్టరు త్రివిక్రమరావు గారు. ఆయన సముద్రం ఒడ్డున ఏదో పెద్ద హోటల్లో ‘పరిపాలనలో మెదడు రసాయనాల పాత్ర’ అనే విషయం మీద మూడు రోజుల శిక్షణకి వెళ్లొచ్చారు. వచ్చిన మర్నాడే సిబ్బందినందరినీ హాల్లోకి పిలిపించారు.

“మిత్రులారా! మన ఫైళ్లు కదలకపోవడానికి కారణం బద్ధకమని ప్రజలు అపోహ పడుతున్నారు. అది శాస్త్రసమ్మతం కాదు. అసలు కారణం బి పన్నెండు! మనలో సంకల్పం ఉంది, నిబద్ధత ఉంది, చిత్తశుద్ధి ఉంది. లేనిదల్లా విటమిను!”

హాలు చప్పట్లతో మారుమోగింది. సూపరింటెండెంటు సుభాషిణి గారైతే కళ్లొత్తుకున్నారు. “పాతికేళ్లుగా మా ఆయన నన్ను మతిమరుపు మేళమంటుంటే నా ఖర్మనుకున్నానండీ. ఇదొక లోపమని, దానికో పేరుందని ఇవాళ తెలిసింది” అన్నారు.

డైరెక్టరు గారు వెంట ఒక డాక్టరుని సలహాదారుగా తెచ్చారు. ఆ డాక్టరు గారు మాత్రం ఉన్న మాటే చెప్పారు. మెదడులో ఒక కణం ఇంకో కణానికి కబురు పంపాలంటే కొన్ని రసాయనాలు కావాలట. దిగులు, ఉత్సాహం, నిద్ర, జ్ఞాపకం అన్నీ వాటి మీదే నడుస్తాయట. వాటిని ఒళ్లు తయారు చేసుకోవాలంటే బి విటమిన్లు ఉండాలట. బి పన్నెండు బాగా తగ్గితే నరాల మీద ఉండే తొడుగు చెడిపోతుందని, మతిమరుపు, చిరాకు, కాళ్ల తిమ్మిరి వస్తాయని, తొందరగా పట్టుకుంటే మామూలవుతారని, ఆలస్యం చేస్తే కొంత నష్టం ఉండిపోతుందని వివరంగా చెప్పారు. నేను అంతా రాసుకున్నాను. నిజం నిజంగా ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. మా ఆఫీసు గడప దాటి లోపలికి రాగానే అది నిబంధన అయిపోతుంది.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. అందులో ముఖ్యమైన వాక్యం ఇది: “మెదడు వినియోగించు పోస్టులను గుర్తించి, సదరు మెదళ్లకు మాత్రమే సూదిమందు సరఫరా చేయవలెను. మెదడుతో నిమిత్తము లేని పోస్టులపై ప్రభుత్వ విటమినులు వృథా చేయరాదు.”

ఆ గుర్తించే పని నాకు అప్పజెప్పారు. నా పేరు వెంకటరత్నం, సీనియరు అసిస్టెంటుని. నాలుగు గడుల పట్టిక గీశాను. పేరు, పోస్టు, మెదడు వినియోగము, రిమార్కులు. మూడో గడిలో పూర్తి, పాక్షికము, వర్తించదు అనే మూడింటిలో ఒకటి రాయాలి. డైరెక్టరు గారు దీనికి సులువైన కొలమానం చెప్పారు. సంతకం పెట్టేవాడికి మెదడుంది, ఫైలు మోసేవాడికి లేదు. ఆ లెక్కన డైరెక్టరు గారికి పూర్తి, సుభాషిణి గారికి పూర్తి అని రాసుకుంటూ వచ్చాను. నా దగ్గరికొచ్చేసరికి నేను పెట్టేది పొట్టి సంతకమే కాబట్టి, కాస్త వినయంగా ఉంటుందని కూడా, పాక్షికము అని రాసుకున్నాను.

నూకరాజు పేరు దగ్గర కలం ఆగింది.

నూకరాజు మా రికార్డు గది మనిషి. ఏడెనిమిది వేల కట్టలున్న గది అది. ఏ కట్ట ఎక్కడుందో రాసిపెట్టిన పెద్ద రిజిస్టరొకటి ఉండేది గానీ, తుపాను ఏడాది తడిసి చెదపురుగుల పాలైంది. కొత్తది రాయించాలని అప్పటి నుంచి ప్రతి ఏడూ తీర్మానిస్తూనే ఉన్నాం. ఈలోగా కట్టలన్నీ నూకరాజే సర్దుకున్నాడు. అంకెల వరసలో కాదు, అక్షరాల వరసలోనూ కాదు. వాళ్ల నాన్న కాలవ మీద లాంచీ నడిపేవాడు. చిన్నప్పుడు ఆ లాంచీ ఏ రేవు తర్వాత ఏ రేవులో ఆగేదో ఆ వరసలో ఊళ్ల కట్టలు పేర్చాడు. “నేలలంక, గుబ్బలవారి రేవు, చింతలమెరక, రాచలంక...” అని గొణుక్కుంటూ అరల మధ్య నడిచి, పిలిచినట్టుగా కావలసిన కట్ట దగ్గర ఆగేవాడు. లాంచీ పోయి ముప్పై ఏళ్లయింది. ఆ వరస ఇంకెవరికీ తెలియదు. ఒక్క ముక్కలో చెప్పాలంటే మా ఆఫీసు నూకరాజు తలలో ఉంది.

అదే మాట డైరెక్టరు గారితో అన్నాను.

“ఆయన నిర్ణయాలు తీసుకుంటాడా?” అన్నారాయన.

“లేదండి. ఏ కాగితం ఎక్కడుందో చెబుతాడు.”

“అది సమాచారం, రత్నంగారూ. సమాచారానికి మెదడెందుకు? బీరువా చాలు.”

నాకు నచ్చలేదు. నచ్చలేదని చెప్పలేదు. వెనక్కొచ్చి నూకరాజు పేరు ఎదురుగా ‘వర్తించదు’ అని గుండ్రటి అక్షరాలతో రాశాను. నా దస్తూరీ బాగుంటుందని అందరూ అంటారు.

పథకం దివ్యంగా మొదలైంది. ప్రతి ఫైలు మీదా సంతకం పక్కన సంతకందారుడి బి పన్నెండు ఎంతో రాయాలన్నారు. రెండు వందలకి తక్కువున్నవాళ్ల నిర్ణయం తాత్కాలికం, మూడు వందలు దాటినవాళ్లది శాశ్వతం. డి విటమిను కోసం తొమ్మిది మందీ రోజూ పదకొండు నుంచి పన్నెండు దాకా మేడ మీద ఎండలో కూర్చోవాలన్నారు. హాజరు పట్టీ పెట్టారు. అయితే డైరెక్టరు గారు ఎండలోకొస్తే అటెండరు గొడుగు పట్టాలన్నది అంతకుముందు నుంచీ ఉన్న నిబంధన. దాన్ని రద్దు చేసే అధికారం జిల్లా స్థాయిలో లేదు. అందుకని ఆయన గొడుగు కింద కూర్చుని ఎండ స్వీకరించారు. నెల తర్వాత పరీక్షలో అటెండరుకి డి విటమిను బాగా పెరిగింది. మెదడు లేని పోస్టులో విటమిను పోగుపడినందుకు అతనికి మెమో ఇచ్చారు.

వరండాలో జనానికి చెప్పే మాటలు కూడా మారాయి. ఇదివరకు ‘సారు సీట్లో లేరు’ అనేవాళ్లం. ఇప్పుడు ‘సారు సీట్లోనే ఉన్నారు గానీ సెరటోనిన్ తక్కువగా ఉంది, బుధవారం రండి’ అంటున్నాం. జనం పాపం ఆ సెరటోనిన్ ఎవరో పెద్ద ఆఫీసరు కాబోలనుకుని నమస్కారం పెట్టి వెళ్లేవాళ్లు.

చిక్కల్లా ఆడిట్ వాళ్లొచ్చాక వచ్చింది. బి పన్నెండు మూడు వందలు దాటి ఉండగా చేసిన తప్పుకి మనిషిదే బాధ్యత అని, రెండు వందల లోపుండగా చేసిన తప్పు విటమిను ఖాతాలోకి పోతుందని వాళ్లు తేల్చారు. ఆ మర్నాటి నుంచి సూది వేయించుకునే నాథుడు లేడు. సుభాషిణి గారు గుడ్డు మానేశారు, పాలు మానేశారు, చివరికి మజ్జిగ కూడా మానేశారు. “సంతకాలు పెట్టే సీటండీ, ఒంట్లో కాస్త లోపం ఉంచుకోవాలి” అనేవారు. సూదిమందు పెట్టెలు డైరెక్టరు గారి ఫ్రిజ్‌లో ఆయన పెరుగు గిన్నె వెనకాల దొంతరలుగా పడి ఉన్నాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే నూకరాజు ఒక్క కాలికే చెప్పుతో ఆఫీసుకి వచ్చాడు.

“ఎడం చెప్పేదయ్యా?” అన్నాను.

అతను కిందకి చూసుకుని తెల్లబోయాడు. “ఏమోనండి, కాలికే ఉందనుకున్నానండి. ఎక్కడ జారిపోయిందో తెల్దండి. ఈ మజ్జిన ఎడం కాలు నేల మీద ఉందో లేదో కూడా తెలుత్తాలేదండి. దూది మీద నడిసినట్టుంటందండి, ఆయ్.”

“డాక్టరుకి చూపించావా?”

జేబులోంచి చీటీ తీశాడు. ప్రభుత్వాసుపత్రి డాక్టరమ్మ రాసిన చీటీ. పన్నెండేళ్లుగా అతను షుగరు బిళ్లలు మింగుతున్నాడు. ఆ బిళ్లలు కొందరికి బి పన్నెండుని ఒంటికి పట్టనివ్వవట. అతనిది నూట పదికి పడిపోయింది. వెంటనే సూదులు మొదలుపెట్టాలి, నరాలు ఎవరి కోసమూ ఆగవు అని ఆవిడ గట్టిగా చెప్పిందట. “మా దగ్గిర మందైపోయింది, మీ ఆఫీసోళ్లే పట్టికెళ్లిపోయేరు, ఆళ్లనే అడుగు అందండి” అన్నాడు నూకరాజు. తర్వాత గొంతు తగ్గించి, “ఇంకోటండి. నిన్న చింతలమెరక కట్ట కోసం ఎల్లి రాచలంక కాడ నిలబడిపోయేనండి. ఎందుకెల్లేనో గురుతు రాలేదు. నాకు బయ్యంగా ఉందండి, రత్నంగారండీ” అన్నాడు.

కాలు సంగతి చెప్పినప్పుడు లేని వణుకు, కట్ట సంగతి చెప్పేటప్పుడు అతని గొంతులో ఉంది.

నేను ఆ రోజే నోటు పెట్టాను. ఫ్రిజ్‌లో వాడకుండా ఉన్న సూదుల్లో కొన్ని రికార్డు గది నూకరాజుకి ఇప్పించవలసిందని. మూడో రోజు జవాబు వచ్చింది.

“పరిశీలించడమైనది. సదరు నూకరాజు పోస్టుకు మెదడు మంజూరై ఉండలేదు. మంజూరు కాని మెదడులో లోపము ఏర్పడుటకు అవకాశము లేదు. కావున లోపమున్నట్లు ఇచ్చిన వైద్యుల చీటీ నిబంధనలకు విరుద్ధము. ముందుగా సదరు పోస్టుకు మెదడు మంజూరు కోరుతూ, పోస్టు సృష్టించిన అసలు ఉత్తర్వును జతపరచి ప్రతిపాదన పంపవలెను.”

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, అదీ సంగతి. పైగా ఆ అసలు ఉత్తర్వు ఎప్పుడో అరవై ఏళ్ల కిందటిది. అది రికార్డు గదిలో ఎక్కడో ఉంది. ఎక్కడుందో తెలిసింది నూకరాజు తలకే. ఆ తల బాగుపడితే గానీ ఉత్తర్వు దొరకదు. ఉత్తర్వు దొరికితే గానీ తల బాగుచేయరు. “జతపరచవలసిన కాగితము లభ్యము కాలేదు” అని ఫైలు మీద రాసి, దారం కట్టి, నా బల్ల మీద ఎడమ పక్క పెట్టాను.

బయట కొనుక్కోవచ్చు కదా అని మీరనవచ్చు. ఆఫీసుకి ఎదురుగానే మందుల షాపుంది. ఆ సూదిమందు ప్లేటు ఇడ్లీ ధరకి దొరుకుతుంది. కానీ ఉత్తర్వులో పద్నాలుగో పేరా ఒకటుంది. “పథకము వెలుపల విటమినులు వాడి పొందిన తెలివితేటలు అనధికార తెలివితేటలుగా పరిగణించబడును. అట్టి ఉద్యోగిపై క్రమశిక్షణ చర్య తీసుకొనబడును.” నూకరాజుకి రిటైరవడానికి పద్నాలుగు నెలలుంది. ఈ వయసులో మెమో పడితే పింఛను కాగితాలు ఎక్కడ ఆగుతాయో అతనికి తెలుసు, మాకందరికీ తెలుసు. “వొద్దండి బాబూ, ఆర్డరు రానివ్వండి” అన్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేనూ ఊరుకున్నాను. రోజూ ఆ ఫైలు పక్కకి జరిపి మిగతా ఫైళ్లు చూసుకునేవాణ్ణి.

మంగతాయారు వచ్చిన రోజుకి ఆ ఫైలు నా బల్ల మీదకొచ్చి ఎనభై మూడు రోజులు.

మంగతాయారుది రాచలంక. మొగుడు లేడు, ఒక్కతే కూరపాదులు పెట్టుకుని బతుకుతుంది. మొన్నటి వరదకి గట్టు తెగి హద్దురాళ్లు కొట్టుకుపోతే, పక్క పొలం ఆసామి కంచె తెచ్చి ఆమె పాదుల మధ్యలో పాతాడు. పాత హద్దు పత్రం చూపిస్తే కంచె తీయిస్తామని ఊరి పెద్దలన్నారు. ఆ నకలు కోసం ఆమె అప్పటికి ఆరుసార్లు తిరిగింది. ఆ రోజు కాళ్లకున్న బురదతోనే నేరుగా రికార్డు గదిలోకి నడిచింది. వారించబోయి నేనూ వెనకే వెళ్లాను.

లోపల నూకరాజు రెండు అరల మధ్య నేల మీద చతికిలబడి ఉన్నాడు. చుట్టూ విప్పిన కట్టలు. “నేలలంక... గుబ్బలవారి రేవు... చింతలమెరక...” అక్కడ ఆగిపోతున్నాడు. మళ్లీ మొదటికొచ్చి “నేలలంక... గుబ్బలవారి రేవు... చింతలమెరక...” అంటున్నాడు. మళ్లీ ఆగిపోతున్నాడు. తర్వాత రేవు రాచలంక. ఆ ఊరి మనిషి అతని ఎదురుగానే నిలబడి ఉంది. అతనికి అందడం లేదు.

నన్ను చూసి, “లాంచీ ఆగిపోయిందండీ” అన్నాడు. అని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నా ముప్పై ఏళ్ల సర్వీసులో అతను ఏడవగా చూడటం అదే మొదలు.

మంగతాయారు సంగతేమిటని అడిగింది. చెప్పాను. విటమిను, పోస్టు, మంజూరు, పద్నాలుగో పేరా, అన్నీ చెప్పాను. ఆమె నోరు తెరుచుకుని విన్నది.

“సూదే కదా బాబూ?”

“సూదేనమ్మా.”

“కొట్లో దొరుకుద్దా?”

“దొరుకుతుంది.”

“మా గేద ఈనినాక నీరసపడిపోతే పశువుల డాట్రు గారు ఆ పూటే రెండు సూదులు పొడిసేసేరు. నా గేదకి ఏం పోస్టుందండీ? పోలమ్మ తల్లి సాచ్చిగా అడుగుతన్నాను, ఇంత సదూకున్నోళ్లు, మనిసిని గేదపాటి చెయ్యలేకపోయేరండీ?”

ఆ మాట సూటిగా నాకు తగిలింది. డైరెక్టరు గారి గది దాకా పోలేదు, దారిలో నేనే ఉన్నాను. నూకరాజు చెయ్యి పట్టుకుని లేపాను. వద్దంటున్నా వినకుండా వీధి దాటించి, మందుల షాపులో సూదిమందు కొని, పక్క వీధిలో నర్సమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. పావుగంట కూడా పట్టలేదు. ఎనభై మూడు రోజులు చేయని పని పావుగంటలో అయిపోతే మనిషికి సంతోషం కలగాలి. నాకు సిగ్గేసింది.

మొదట రోజు విడిచి రోజు, తర్వాత వారానికొకటి. భోజన విరామంలో ఇద్దరం గుట్టుచప్పుడు కాకుండా వెళ్లొచ్చేవాళ్లం. మూడో వారానికి అతని మొహంలో కళ వచ్చింది. ఐదో వారంలో ఒక మధ్యాహ్నం రికార్డు గదిలోంచి కేక వినిపించింది. “రాచలంక! ఆ తరవాత కోటమ్మగారి రేవు! ఆ తరవాత ఊబలంక!” పరుగెత్తుకెళ్లాను. మంగతాయారు పత్రం చేతిలో పట్టుకుని నూకరాజు నిలబడి ఉన్నాడు. మర్నాడే ఆమె నకలు తీసుకెళ్లింది. కంచె కదిలిందని తర్వాత రెండు సొరకాయలు పంపించింది.

అదే ఊపులో నూకరాజు తన పోస్టు సృష్టించిన అసలు ఉత్తర్వు కూడా బయటికి తీశాడు. పసుపు పట్టిన కాగితం మీద రికార్డు గది గురించి రెండే వాక్యాలు. “ఈ కార్యాలయపు రికార్డు గదికి జ్ఞాపకశక్తి గల మనిషి ఒకడు మంజూరు చేయడమైనది. తక్కిన సిబ్బంది అతనికి సహాయముగా వుండవలెను.” డైరెక్టరు పోస్టు గురించి కూడా అందులో రెండు మాటలున్నాయి గానీ, మెదడు ప్రసక్తి లేదు.

నేను సంబరంగా ఫైలు పట్టుకెళ్లాను. త్రివిక్రమరావు గారు ఉత్తర్వు రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“ఈ కాగితం ఎలా దొరికింది?”

“నూకరాజుకి గుర్తొచ్చిందండి.”

“ఎలా గుర్తొచ్చింది? మనం మెదడు ఇంకా మంజూరు చేయలేదే!”

నేను తల దించుకున్నాను. ఆయనకి అర్థమైంది. సాయంత్రానికి మెమో తయారు. దాని ప్రతి ఇప్పటికీ నా దగ్గరుంది.

“మంజూరుకు పూర్వమే సదరు ఉద్యోగి అనధికారికముగా జ్ఞాపకశక్తి పొందినట్లు రుజువైనది. పద్నాలుగవ పేరా ప్రకారము, సదరు జ్ఞాపకశక్తిని ఏడు రోజులలోగా కార్యాలయమునకు స్వాధీనపరచవలెను. లేనిచో తదుపరి చర్యలు తీసుకొనబడును.”

నూకరాజుకి చదివి వినిపించాను. అతను మెమో తీసుకుని నాలుగు మడతలు పెట్టాడు. తర్వాత, “అయితే ఇచ్చేద్దారండి” అన్నాడు.

“ఏమిటయ్యా ఇచ్చేది?”

“జ్ఞాపకమండి. ఆర్డరు కదండీ, ఆయ్. ఓ కాయితం రాసిపెట్టండి. కింద రసీదు ఇప్పించమని కూడా రాయండి. ఇచ్చినట్టు రుజువుండాలి కదండీ.”

నా గుండ్రటి దస్తూరీ ముప్పై ఏళ్లలో మొదటిసారి ఒక మంచి పనికి ఉపయోగపడింది. “అయ్యా, తమరి మెమో ప్రకారము రికార్డు గదికి సంబంధించిన నా జ్ఞాపకశక్తి యావత్తును ఈ దినము ఉదయము పది గంటలకు స్వాధీనపరుస్తున్నాను. రసీదు ఇప్పించ ప్రార్థన.” టపాల విభాగంలో ఏ కాగితమూ చదవరు. ధనామని ‘అందినది’ ముద్ర కొట్టి, నంబరేసి, రసీదు ఇచ్చేశారు.

సోమవారం రాజధాని నుంచి ముగ్గురు తనిఖీ అధికారులు దిగారు. పథకం ఫలితాలు చూడటానికి వచ్చారు. మీ పనితనం చూస్తాం, మీ ఆఫీసు స్థలానిదే హద్దు పత్రం తెప్పించండి, అన్నారు. డైరెక్టరు గారు నవ్వుతూ నూకరాజుని పిలిపించారు. నూకరాజు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఆ పత్రం తీసుకురా.”

“ఎక్కడుందో నాకు తెల్దండి.”

“నీకు తెలీకపోవడమేంటి?”

“మొన్న మంగళారం దాకా తెలుసండి. తమరు ఇచ్చెయ్యమన్నారు కదండీ, ఇచ్చేసేనండి. ఇప్పుడది ఆఫీసులో ఉందండి. రసీదుందండి, సూడండి.”

తనిఖీ అధికారుల్లో పెద్దాయన రసీదు అందుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ముద్ర ఉంది, నంబరుంది, తేదీ ఉంది. ఆయన చాలా గంభీరంగా డైరెక్టరు గారి వైపు తిరిగి, “మీరు స్వీకరించిన జ్ఞాపకశక్తిని ఎక్కడ భద్రపరిచారు?” అని అడిగారు.

త్రివిక్రమరావు గారు నా వైపు చూశారు. నేను సుభాషిణి గారి వైపు చూశాను. ఆవిడ, తన బి పన్నెండు నూట ఎనభై అని, తనకేమీ గుర్తుండే అవకాశం లేదని మనవి చేసుకున్నారు. టపాల విభాగం వెతికారు, బీరువాలు తెరిచారు, చివరికి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక్కి కూడా చూశారు. సాయంత్రం తనిఖీ నివేదికలో రాసిన మాట ఇది: “సదరు జ్ఞాపకశక్తి కార్యాలయమునకు అందినట్లు రుజువైనది. అది ఎక్కడ ఉంచబడినదో రికార్డు గది నూకరాజును అడిగి తెలుసుకొనవలెను.”

నూకరాజుని అడగాలంటే అతనికి గుర్తుండాలి. గుర్తుండాలంటే తిరిగి ఇచ్చేయాలి. రాత్రికి రాత్రే ఉత్తర్వు తయారైంది. “పరిపాలనా సౌలభ్యము దృష్ట్యా సదరు జ్ఞాపకశక్తిని నూకరాజు తలయందు, అతని పదవీ విరమణ వరకు, తాత్కాలికముగా భద్రపరచుటకు అనుమతించడమైనది.” పొద్దున్నే నూకరాజు ఆ కాగితం కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. రెండు నిమిషాల్లో హద్దు పత్రం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

ఆ సాయంత్రం ఇద్దరం కలిసి మెట్లు దిగుతున్నాం. అతను మంచి హుషారు మీదున్నాడు. లాంచీ రేవులన్నీ ఈ చివర నుంచి ఆ చివరి దాకా, మళ్లీ ఆ చివర నుంచి ఈ చివరికి, ఒక్క పేరూ తప్పకుండా నాకు అప్పజెబుతున్నాడు. ఏ రేవులో జామకాయలమ్మే అవ్వ కూర్చునేదో కూడా చెబుతున్నాడు. గేటు దాకా వచ్చాక చూస్తే అతని ఎడం కాలికి చెప్పు లేదు.

వెనక్కి తిరిగాను. చెప్పు మూడో మెట్టు మీద ఉంది. అతనికి తెలియలేదు.

డాక్టరమ్మ చెప్పింది. తలకి అందింది గానీ ఆ పాదానికి ఆలస్యమైపోయింది, రెండు నెలల ముందే సూదులు పడుంటే బాగుండేది అని. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం. వెళ్లి చెప్పు తెచ్చి అతని కాలి దగ్గర పెట్టాను. “అయ్యో, తమరు ముట్టుకున్నారేంటండీ” అని నొచ్చుకుంటూ, కిందకి చూసుకుని, కళ్లతో వెతుక్కుని, పాదాన్ని చెప్పులోకి దూర్చుకున్నాడు. చూస్తే గానీ తన కాలు ఎక్కడుందో అతనికి తెలియదు.

ఈ ఏడు జాబితా మళ్లీ తిరగరాయమన్నారు. నూకరాజు పేరు ఎదురుగా ‘పూర్తి’ అని రాశాను. నా పేరు ఎదురుగా ఉన్న ‘పాక్షికము’ని మాత్రం కదపలేదు. పోయినేడు ఆ పట్టికలో నేను సరిగ్గా నింపిన గడి అదొక్కటే.